ఈక తగిలిన చోటు

రషీదాను మనం నెల్లూరు ఆసుపత్రిలో, ఇనుప స్టూలు మీద కూర్చుని, మైక్రోస్కోపు గొట్టానికి కన్ను ఆనించి ఉండగా వదిలి వచ్చాం. ఆమె ఎడమ చేతి మీది మచ్చల గుంపు కుష్ఠు అని సర్వే రిజిస్టరులోకి ఎక్కి అప్పటికి నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో ఇందుకూరుపేటలో ఒక్క ఆడమనిషి కూడా గాజుల కోసం ఆమెకు చెయ్యి అందివ్వలేదు. అత్త ముంతాజ్ బేగం వెంట మలారం అనే గాజుల మూట మోసుకుని వీధి వీధీ తిరిగిన పిల్ల, ఇప్పుడు పెరటి పాకలో వేరే పళ్లెంలో తింటూ ఉంది. బుధవారం కుష్ఠు కాలనీ జీపు వచ్చి ఆమెను తీసుకుపోతుందని కబురు అందింది. మంగళవారం పొద్దున్నే ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, తన చేతి మీంచి కందిగింజంత ముక్క కోసి పరీక్షకు పెట్టిన డాక్టరు ఆనందకుమారి దగ్గరికి వెళ్లింది.

ఆ గొట్టంలో ఆమెకు కనిపించింది ఏమిటో ముందు చెప్పుకోవాలి.

లేత నీలం నేల మీద ఊదారంగు సంచులు. ఒకటీ రెండూ కాదు, సంతలో మూటలు దించినట్టు ఒకదాని పక్కన ఒకటి. ప్రతి సంచీలోనూ ముదురు ఊదా గింజలు, ఆవాలు కూరినట్టు.

"ఏందమ్మా ఇయ్యి?"

"నీ ఒంట్లోవే. నా ఒంట్లోనూ ఉన్నాయి" అంది ఆనందకుమారి. "ముల్లు గుచ్చుకున్నా, కందిరీగ కుట్టినా ముందు మేలుకునేవాటిలో ఇవి ఉంటాయి. లోపలి గింజలు చిమ్మితే అక్కడ చర్మం ఎర్రబడి ఉబ్బుతుంది, దురద పుడుతుంది. అందరికీ అక్కడొకటి, ఇక్కడొకటి ఉంటాయి. నీకు గుంపులు కట్టినాయి. కాస్త రుద్దితే చాలు, చిమ్మేస్తాయి. వేడినీళ్లు పోసుకుని నువ్వు కళ్లు తిరిగి పడిపోయింది కూడా వీటివల్లే."

"అంటుకుంటాదా?"

"ఎవరికీ అంటుకోదు."

"పోతాదా?"

డాక్టరు మైక్రోస్కోపులోంచి గాజుపలక తీసి పక్కన పెట్టింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదని రషీదాకు ఆ కాసేపట్లోనే తెలిసింది. "పోతుందని చెప్పలేనమ్మా. దురదకు మాత్రలిస్తా. అంగట్లో దొరికే తలనొప్పి బిళ్లలు మాత్రం మింగొద్దు. ఎముకల మూలుగలో కూడా ఇవి పెరుగుతున్నాయేమో ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. కానీ ఇది కుష్ఠు కాదు. ఆ మాట రాసి సంతకం పెడతా."

ఆ సంతకం ఉన్న కాగితాన్ని జాకెట్టులో దాచుకుని రషీదా ఇల్లు చేరింది. ఇక గండం గడిచిందనే అనుకుంది.

బుధవారం పది గంటలకు జీపు గాజుల వీధి మొదట్లో ఆగింది. దానిలోంచి హెబ్రోను దిగాడు. కుష్ఠు సర్వేలో పనిచేసే మనిషి అతను. చంకలో రిజిస్టరు, చేతిలో తోలుసంచీ. ఎండలో తిరిగి తిరిగి మెడ నల్లబడిపోయినవాడు, ఏ ఇంటికి పోయినా కుక్కకంటే ముందు మనుషులే తరిమే ఉద్యోగం చేస్తూ కూడా మాట తూలనివాడు. మామ నాగుల్ మీరా వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ముంతాజ్ బేగం డాక్టరు కాగితాన్ని తెచ్చి మంచం మీద పెట్టింది.

నాగుల్ మీరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లీషు. హెబ్రోను చేతికిచ్చాడు.

హెబ్రోను నిలబడే రెండుసార్లు చదివాడు. "డాక్టరమ్మ పెద్దమనిషి. ఆమె మాటను నేను కొట్టెయ్యలేను. అయితే మీరా సాహెబ్ గారూ, నా రిజిస్టరులో ఒక మాట ఉండాది. స్పర్శ లేదు అని. తాకితే తెలియని మచ్చంటే మేం ఒకటే అర్థం చెప్పుకుంటాం. చూసింది నేను, రాసింది నేను. ఆమె ముక్క కోసిన చోట ఈ జబ్బు ఉండొచ్చు, పక్కన ఆ జబ్బు ఉండొచ్చు. ఈ ఒక్క కాగితంతో పేరు కొట్టేస్తే రేపు మా ఆఫీసరు నన్ను అడగతాడు."

"నిన్ను ఆఫీసరు అడగతాడు. నన్ను ఊరంతా అడగతాది" అన్నాడు నాగుల్ మీరా. "నలభై ఏళ్లు ఈ మలారం మోసినాను హెబ్రోను. పెళ్లికూతుళ్ల చేతులు నా ఇంటోళ్ల చేతుల్లో పెట్టినారు. ఇప్పుడు నా పెళ్లాం మలారం ఎత్తుకోని పోయినా ఎవరూ తలుపు తియ్యడం లేదు. అది కాయితం తెస్తే ఊరు నమ్మతాదా? దీన్ని కాలనీకి పంపేదానికి యాడ వేలిముద్ర వెయ్యాలో చూపించు."

"కాలు నొస్తా ఉండాదని పొద్దున లేవలేనంటివే, వేలిముద్రకు మాత్రం ఎగరతా ఉండావు" అంది ముంతాజ్ బేగం.

"గమ్మునుండు."

"నలభై రోజులు గమ్మునే ఉండా."

వంటింటి తలుపు వెనక రషీదా ఇదంతా వింటూ ఉంది. వసారాకూ ఆమెకూ మధ్య నాలుగు బారలు. ఆ నాలుగు బారల దూరాన్ని నాలుగేళ్లలో ఆమె గొంతు ఒక్కసారి కూడా దాటలేదు. వీధిలోకి వెళితే "గాజులమ్మా, గాజులు" అన్న ఆమె కేక మూడు వీధులకు వినిపించేది. ఎంత బిగుసుకుపోయిన చేతినైనా కబుర్లలో పెట్టి, ముడుచుకున్న బొటనవేలి కింద సబ్బునురగ రాసి, ఎక్కదనుకున్న గాజు ఎక్కించేది. అదే మనిషి గడప లోపల కాలు పెడితే మామ ముందు ముసుగు, మౌనం. మామ ఏదైనా అడగాలంటే అత్తను అడుగుతాడు, అత్త కోడల్ని అడుగుతుంది. కోడలు అత్త చెవిలో చెబుతుంది. అది ఆ ఇంటి పద్ధతి. ఆ వీధిలో ప్రతి ఇంటి పద్ధతీ అదే. ఎవరికీ అందులో కష్టం కనపడలేదు.

స్పర్శ లేదు.

ఆ మాట రషీదా ఇప్పుడే మొదటిసారి విన్నది. తన చెయ్యి గురించి ఏం రాశారో నలభై రోజులుగా ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలియలేదని ఎవరన్నారు? తను అనలేదే.

ఆ రోజు సంగతి ఆమె కళ్ల ముందుకు వచ్చింది. ఇదే తలుపు. పరాయి మగవాడు వచ్చాడని తను రెక్క వెనక నిలబడి చెయ్యి మాత్రం బయటికి చాపింది. హెబ్రోను ముక్కాలి పీట మీద కూర్చుని కోడి ఈకతో తాకాడు. "తెలస్తా ఉంటే తెలస్తా ఉందని చెప్పమ్మా" అన్నాడు. వసారాలో మంచం మీద మామ కూర్చుని ఉన్నాడు. తను చెప్పలేదు. అతను మళ్లీ తాకాడు, మళ్లీ అడిగాడు. గుండుసూదితో గుచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవి కొరుక్కుంది. చెయ్యి మాత్రం కదల్లేదు. చెయ్యి వదులుగా పెట్టడం గాజులమ్మే మనిషికి ఒకరు నేర్పాలా? రోజుకు నలభై మందికి ఆమే చెప్పేది, "చెయ్యి నాకొదిలెయ్యమ్మా, అది నీది కాదనుకో" అని.

అతనికి కనిపించింది చెయ్యి ఒక్కటే. వినిపించింది ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే అతను రాసుకుపోయాడు.

వసారాలో హెబ్రోను సిరా డబ్బీ మూత తీస్తున్నాడు.

రషీదా తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ముసుగు సవరించుకుంది. నడిచి వచ్చి వాకిట్లో, ఎండలో, అందరికీ కనిపించే చోట నేల మీద కూర్చుంది.

"హెబ్రోనన్నా, నీ ఈక తియ్యి" అంది.

గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వీధిలో కేకలు వేసే గొంతు కదా, అది ఆ ఇంట్లో ఎంత ఉండాలో దానికి తెలియదు. బావి దగ్గర చేద పట్టుకుని ఉన్న ఆమె మొగుడు చాంద్ బాషా అలాగే నిలబడిపోయాడు. నాగుల్ మీరా తల పక్కకు తిప్పుకున్నాడు.

"దీనికి సిగ్గు పోయిందా" అన్నాడు, పెళ్లాంతో.

"నన్నడక్క. అది ఈడనే ఉండాదిగా" అంది ముంతాజ్ బేగం.

రషీదా కొంగు మడిచి తన కళ్లకు తానే కట్టుకుంది. ఎడమ చెయ్యి ఒడిలో పెట్టుకుంది. "ఆ పొద్దు చెయ్యి చూసినావు. ఈ పొద్దు నన్ను అడుగు. నేను చెప్పినాకనే రాసుకో."

హెబ్రోను మంచం వైపు చూశాడు. వద్దనే మాట అక్కడినుంచి రాలేదు. సంచీలోంచి ఈక తీసి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లకు గంత ఉన్న రషీదాకు తోలుసంచీ కిర్రుమన్న చప్పుడు, అతని ఊపిరి, పక్కింటి ప్రహరీ అవతల ఎవరో రాయి మీదకు ఎక్కిన చప్పుడు వినిపించాయి. ఎవరో ఏమిటి, చెంచులక్ష్మి. ఈ వీధిలో ఏం జరిగినా ఆ రాయి మీద ఆమె కాళ్లుంటాయి.

మచ్చల గుంపు నడిమధ్య ఈక తగిలింది.

"ఈడ" అని రషీదా కుడిచేతి వేలితో ఆ చోటే తాకింది.

మోచేతి దగ్గర. "ఈడ." మణికట్టు పైన ఒంటరి మచ్చ. "ఈడ." గుంపు అంచున, మచ్చా కాని చర్మమూ కాని చోట. "ఈడ, సగం ఆడ."

"ఇప్పుడు?" అన్నాడు హెబ్రోను.

"ఏం తాకలేదు. ఈక పైకెత్తి పట్టుకోని ఉండావు."

ప్రహరీ మీంచి నవ్వు వినపడింది. "ఆయన్ని పరీచ్చ చేస్తా ఉండాదిరా ఇది" అంది చెంచులక్ష్మి.

సూది పొడిచినప్పుడు రషీదా ఆ రోజు దాచుకున్న "అమ్మా"ను కూడా ఈసారి దాచుకోలేదు. పన్నెండు సార్లు తాకాడు, పన్నెండు సార్లూ చెప్పింది. పదమూడోసారికి ఎదురు చూస్తూ ఉండగా నులకమంచం కిర్రుమంది.

"ఇట్టా తే ఆ ఈక" అన్నాడు నాగుల్ మీరా.

చెప్పులు లేని కాళ్లు ఇసుకలో వచ్చాయి. ఒక కాలు ఈడుస్తూ. హెబ్రోను జరిగి చోటిచ్చాడు. మామ అనే మనిషి కోడలికి ఇంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. రషీదా గుండె దడదడ కొట్టుకుంది, మొహం వేడెక్కింది. అది జబ్బు వల్లనో భయం వల్లనో ఆమెకు తెలియలేదు. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇక్కడ తీసుకుంటే ఇక ఎప్పటికీ ఎవరి చెయ్యీ తన చేతిలోకి రాదు.

చాలాసేపు ఏమీ తగల్లేదు. తరవాత గుంపు మధ్య ఎంతో మెల్లగా, ఊపిరి తగిలినట్టు, ఈక తగిలింది.

"ఈడ" అంది రషీదా. కాస్త ఆగింది. మనుషుల చేతులు చదవడం ఆమె బతుకు. ఆ ఈక చివరన ఉన్న చేతిని కూడా చదివింది. "మీ చెయ్యి వణకతా ఉండాది మామా."

ఆ ఇంట్లో ఆ పిలుపు ఆ నోట మొదటిసారి వచ్చింది. నాగుల్ మీరా ఈకను ఇసుకలో పెట్టేసి, నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. లేవలేక అక్కడే కూర్చున్నాడు.

రషీదా గంత విప్పింది. "ఇంకొకటి కూడా చూసి పోండి. డాక్టరమ్మ ఒక్క మచ్చ మీదనే రుద్ది చూపించమనింది, జాస్తి చేస్తే నాకే ముప్పు." హెబ్రోను జేబులోని కలం అడిగి తీసుకుని, దాని మొద్దు కొనతో ఒంటరి మచ్చను నాలుగుసార్లు రుద్దింది. అందరూ వంగి చూశారు. చాంద్ బాషా కూడా చేద వదిలి వచ్చాడు. గోధుమరంగు మచ్చ మెల్లగా ఎర్రబడింది, చుట్టూ కందిపోయింది, కాసేపట్లో చీమ కుట్టిన దద్దులాగా పైకి లేచి నిలబడింది.

"ప్రాణం లేని మచ్చ అంటిరే" అంది ముంతాజ్ బేగం. "దీనికి మనందరికంటే రోషం ఎక్కువుండాది."

హెబ్రోను ఆ దద్దునే చూస్తూ ఉండిపోయాడు. తరవాత చాలా నెమ్మదిగా అడిగాడు. "ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు తల్లీ? నేను రెండుసార్లు అడిగినా కదా."

"మామ కూర్చోని ఉండాడు కదన్నా."

ఆమె దాన్ని ఫిర్యాదులాగా చెప్పలేదు. ఎండ కాస్తా ఉంది కదా అన్నట్టు చెప్పింది. అందుకేనేమో హెబ్రోను మొహం ఎవరో కొట్టినట్టు అయిపోయింది.

ప్రహరీ అవతల కదలిక అయింది. చెంచులక్ష్మి చెయ్యి గోడ మీదుగా ఇవతలికి వచ్చింది. మూరెడు చెయ్యి, మూడు గాజులు. "ఏమ్మే రషీదా, సంతలో ఒకడి దగ్గర వేయించుకున్నా. ఆరు పగలగొట్టి, చూడు, ఈడ కోసినాడు కూడా. ఆ మలారం ఇట్టా తీసుకురా. ఎర్రవి కాదు, పచ్చవి."

"నీకు భయం లేదా లచ్చమ్మా?" అంది ముంతాజ్ బేగం.

"ఉండాది. అయినా ఎయ్యి."

రషీదా మలారం తెచ్చింది. నలభై రోజుల తరవాత ఒక చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. మొదట అది కొయ్యలా బిగుసుకుని ఉంది. రషీదా తొందరపడలేదు. సబ్బునురగ రాసి, కణుపుల మీద బొటనవేలితో ఒత్తుతూ, సంతలోవాడి గురించి అడుగుతూ ఉంది. నాలుగో గాజుకు ఆ చెయ్యి వదులైంది. డజను పూర్తయ్యాక ఎప్పటిలాగే కొసరు గాజు ఒకటి వేసింది. చెంచులక్ష్మి చెయ్యి తిప్పి చూసుకుంది, రాయి దిగి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఊరంతా చెబుతుంది. డాక్టరు సంతకంకంటే ఆ పచ్చగాజులే ఇందుకూరుపేటలో ఎక్కువ దూరం పోతాయని రషీదాకు తెలుసు.

ఆమె గెలిచింది. కథ ఇక్కడే ఆగి ఉంటే ఎంత బాగుండేది.

హెబ్రోను వసారా అంచున కూర్చుని రిజిస్టరు తెరిచాడు. ఇంటికొక పేజీ. పేజీలో మనిషి బొమ్మలు, మచ్చ ఉన్నచోట పెన్సిలు నలుపు. తన బొమ్మ మీద అడ్డంగా గీత కొడుతూ ఉంటే చూడాలని రషీదా అతని పక్కకు వెళ్లి నిలబడింది. గీత పడింది. పక్కన సంతకం పడింది. అప్పుడామె చూపు తన బొమ్మ మీంచి పైకి జరిగింది.

అదే పేజీలో పైన ఇంకొక బొమ్మ ఉంది. దాని మోకాలి కింద పెన్సిలు నలుపు. పక్కన రెండు ముక్కల రాత. రషీదాకు చదువు రాదు. కానీ కింద తన బొమ్మ పక్కనున్న రెండు ముక్కలూ, పైన ఉన్న రెండు ముక్కలూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

"ఈ బొమ్మ ఎవరిదన్నా?"

హెబ్రోను పేజీ మీద అరచెయ్యి పెట్టాడు. దాచడానికి పెట్టాడో, ఆనుకోవడానికి పెట్టాడో.

"ఎవరిది?"

"యాభై ఎనిమిదిలోది" అన్నాడు. "మెహబూబున్నీసా."

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. చాంద్ బాషా మొదటి పెళ్లాం. జబ్బు చేసి కాలనీకి పోయిందని, ఇక రాదని చెప్పే రషీదాను ఆ ఇంటికి తెచ్చారు. చాంద్ బాషా బావి వైపు తిరిగి నిలబడ్డాడు.

"అప్పుడు చూసింది కూడా నువ్వేనా?"

"నేనే." హెబ్రోను పేజీ మీంచి చెయ్యి తీశాడు. "తప్పని చెప్పలేనమ్మా. ఒప్పని కూడా ఇప్పుడు చెప్పలేను. ఆ పిల్ల కూడా తలుపు వెనకే నిలబడింది. ఏం మాట్లాడలేదు."

రషీదా అత్త వైపు తిరిగింది. "ఆ పొద్దు మామ యాడ కూర్చోని ఉండాడు?"

ముంతాజ్ బేగం మాటకు ఎప్పుడూ తడుముకోని మనిషి. ఇప్పుడు మాటకు ముందు చూపు కదిలింది. నులకమంచం వైపు చూసింది. ఇసుకలో కూర్చుని ఉన్న మొగుడి వైపు చూసింది.

"ఈడనే" అంది.

ఆ పిల్ల కాలనీకి పోయి ఐదేళ్లు. రషీదా చేతి మీది దద్దు అప్పటికి చల్లారుతూ ఉంది. మెహబూబున్నీసాకు కుష్ఠు లేకపోతే ఈ ఇల్లు ఎవరిది, బావి దగ్గర నిలబడ్డ ఆ మనిషి ఎవరి మొగుడు, గాజుల వీధిలో తను ఎవరు? ఈ ప్రశ్నలన్నీ ఆమెకు ఒకేసారి తోచాయి. అడక్కుండా ఉంటే చాలు. పేజీ మూసేస్తే చాలు. హెబ్రోను కూడా మూసెయ్యమనే మాట కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు.

గమ్మున ఉండటం ఎంత తేలికో, అది ఏం రాయిస్తుందో ఆమెకంటే ఎవరికి తెలుసు?

ఆమె లోపలికి వెళ్లి డాక్టరిచ్చిన మాత్రల పొట్లం కొంగున కట్టుకుని, మలారం భుజానికెత్తుకుంది. "పదన్నా. జీపు నా కోసమే కదా తెచ్చినావు. ఉత్తగా ఎందుకు పోవాల? కాలనీకి పోయి మెహబూబున్నీసాను కూడా అడుగుదాం."

"యాడికిమే?" అన్నాడు చాంద్ బాషా. ఆ పొద్దు అతను మాట్లాడిన మొదటి మాట అదే.

రషీదా అత్తను అడిగింది. "అత్తా, దాని చేతికి ఏ గాజులు పడతాయి?"

ముంతాజ్ బేగం దగ్గరికి వచ్చింది. మలారంలో వెతకలేదు. తిన్నగా అట్టడుగుకు చెయ్యి పోనిచ్చి, పాత గుడ్డలో చుట్టిన డజను గాజులు బయటికి తీసింది. నీలం గాజులు, ఆ వీధిలో ఇప్పుడు ఎవరికీ పట్టనంత చిన్నవి. నాలుగేళ్లుగా ఆ మలారాన్ని రోజూ సర్దుతున్న రషీదా ఆ చుట్టను ప్రతిరోజూ చూసింది, ఎవరివని ఒక్కనాడూ అడగలేదు.

"నేను కూడా వస్తా" అంది ముంతాజ్ బేగం, నాగుల్ మీరా వైపు తిరక్కుండానే. "నువ్వు వేస్తే అది చెయ్యి ఇస్తాదో ఇయ్యదో."